ఉమ్మడి గోడ మీద అమ్మవారు

సాల్ట్ లేక్, కలకత్తా
8 జనవరి 1984

శ్రీ కోదండం గారికి,

నమస్కారాలు. నా పేరు పట్టాభి, బాంకులో ఆఫీసర్ని. పోయిన ఆదివారం మీ వాట్‌గంజ్ హార్‌గ్రీవ్ లైనులో కెమెరా మెడకు తగిలించుకుని ప్రతి ఇంటి గడప ముందూ ఒంగి చూసిన మనిషిని నేనే. మీ వీధివాళ్ళు నన్ను కరెంటు ఆఫీసువాణ్ణి అనుకొని తలుపులేసుకున్నారు. మీరొక్కరే తలుపు తీసి నాకూ మా ఆవిడ అరుంధతికీ మంచినీళ్ళిచ్చారు. తెలుగు వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది.

బాంకు నన్ను రెండేళ్ళు ఇంగ్లండు పంపింది. అక్కడ మిల్లుల ఊళ్ళలో పనివాళ్ళ కోసం కట్టిన పాత ఇళ్ళు అచ్చం మీ ఇళ్ళలాగే ఉంటాయి. ఒకే కప్పు కింద ఇరవై ముప్ఫై ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ముందు ఒక గది, వెనక వంటగది, నిటారు మెట్లు, పైన రెండు గదులు. రెండిళ్ళకు కలిపి ఒక పొగగొట్టం. వెనక సందులోంచి బొగ్గు పోసుకునే కన్నం. తలుపు తీస్తే నేరుగా కాలిబాట. అందరూ కోటలు, చర్చీలు చూడ్డానికి పోతే నేను వానలో నిలబడి ఆ చిన్న ఇళ్ళు చూసేవాణ్ణి. నూరేళ్ళ క్రితం హార్‌గ్రీవ్ దొరలు తమ మెకానిక్కుల కోసం అదే నమూనాలో ఈ ఉక్కపోతలో పధ్నాలుగిళ్ళు, చలిమంట గూళ్ళతో సహా కట్టించారని చూశాక నాకు రాత్రి అన్నం సయించలేదు.

అసలు సంగతి. మీ ముందు గదిలో, మంచం పక్క గోడ మీద ఐదు గాజు పలకలు అతికించి ఉన్నాయి. వాటికి పసుపు, కుంకుమ. ఇలాంటిది తానెప్పుడూ చూడలేదని అరుంధతి అంది. అది ఏ అమ్మవారు? ఏ వారం చేస్తారు? శ్రమ అనుకోకుండా రాయగలరు.

భవదీయుడు,
పట్టాభి

తా.క. కిందటేడు కట్టుకున్న మా కొత్త ఇంట్లో హాలు గోడకు వెంట్రుకంత బీట కనిపించింది. గోడలు ఊపిరి పీల్చుకుంటాయండీ అన్నాడు కాంట్రాక్టరు. మంచి భావుకుడు.


హార్‌గ్రీవ్ లైను, వాట్‌గంజ్
13 జనవరి 1984

పట్టాభి బాబుగారికి, తొమ్మిదో నంబరు కోదండం దండాలు.

ఉత్తరం అందింది. మీరు రాసిన చలిమంట గూట్లో మా ఇంట్లో ఉల్లిపాయలు పోస్తాం. ఎనిమిదో నంబరు మల్లేశు కోళ్ళు పెంచుతాడు. నాకు అరవై ఆరేళ్ళు, మా నాన్న ఓడరేవు డాక్‌లో కూలీగా చేరినప్పటి నుంచీ ఇదే ఇల్లు, అందులో ఎవరూ మంట పెట్టగా చూడలేదు. దొరలు పెట్టుకునే ఉంటారు, వాళ్ళకు చెమట పట్టినా పద్ధతి పద్ధతే.

గోడ మీద అమ్మవారు ఎవరూ లేరు. నేను మున్సిపాలిటీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు తాపీ మేస్త్రీని. గోడకు బీట పడితే మేం చేసే పని ఇది. కిటికీ అద్దం ముక్క బీటకు అడ్డంగా పెట్టి రెండు కొసలూ సున్నంతో బిగిస్తాం, పక్కన మేకుతో తేదీ గీస్తాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. కదలకపోతే అలాగే ఉంటుంది. మా గురువుగారు దాన్ని సాక్షి అనేవారు. అది అబద్ధం ఆడదు, మొగమాటపడదు. ఐదిట్లో మూడు విరిగాయి.

పసుపు కుంకుమలంటారా, అవి నా భార్య గురవమ్మ పని. రెండేళ్ళుగా ఎడమ పక్క పడిపోయి మంచంలో ఉంది. మంచం ఆ గోడ వారనే, ఇంకెక్కడా పట్టదు. "ఇది ఇరిగితే ఇల్లు కూలిపోతాదని నువ్వే అన్నావు గదా మావా, మరి దండమెట్టుకోవద్దేటి?" అంటుంది. చెయ్యి అందిన రెంటికీ తనే బొట్టు పెడుతుంది. మిగతా మూడిటికీ నాచేత పెట్టిస్తుంది.

బాబూ, మీరు చదువుకున్నవారు, నాకొక సాయం చెయ్యాలి. పక్కన పదో నంబరు ఖాళీగా ఉంది. పాడుబడిందని, ఈ లైను అద్దెలు వసూలు చేసే ఎస్టేటు ఆఫీసు దాన్ని పడగొడతామంటోంది. అటు దాని దూలాలు, ఇటు మా దూలాలు ఈ ఒక్క గోడ మీదే కూర్చున్నాయి. ఎదురుబొదురు చేతులు పట్టుకుని వెనక్కి ఒరిగిన ఇద్దరిలో ఒకడు వదిలేస్తే రెండోవాడేం అవుతాడు? గోడ ఇప్పటికే అటువైపు ఉబ్బింది. పదో నంబరులో సాల్ కర్ర దుంగలు ఆనించి ఆపుతున్నాను. గోడ కదులుతోందని ఇంజనీరు కాగితం రాస్తే మాకు వేరే ఇల్లిస్తారు, అది రూలు. తెలుగులో నేను పెట్టిన అర్జీ చూసి గుమాస్తా ఇది ఏ లిపి దాదా అన్నాడు. మీరు ఇంగ్లీషులో ఒక ముక్క రాయండి. ఇంజనీరు వచ్చి విరిగిన పలకలు చూస్తే చాలు.

ఇట్లు తమ విధేయుడు,
కోదండం, తాపీ మేస్త్రీ (రిటైర్డు)

తా.క. గోడలు ఊపిరి పీల్చవు. నేను చాలా గోడలు కట్టాను, ఒక్కటీ పీల్చలేదు.


సాల్ట్ లేక్
24 జనవరి 1984

పూజ్యులు కోదండం గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ వినయానికి జోహారు. కొత్తవాళ్ళు అడిగితే పల్లె ఆచారాలవాళ్ళు అసలు రహస్యం చెప్పకుండా ఏదో పనికొచ్చే కారణం చెప్పి తప్పించుకుంటారని నేను ఇంగ్లండులో చదివాను. అది మీ ఉత్తరంలో కళ్ళకు కట్టింది. సున్నం, అద్దం ముక్క, మేకు. ఎంత సహజంగా అల్లారండీ. కానీ "అబద్ధం ఆడదు, మొగమాటపడదు" అన్న మాట దగ్గర దొరికిపోయారు. అది భక్తుడి మాటే గాని మేస్త్రీ మాట కాదు.

ఆమెకు నేను పలకమ్మ అని పేరు పెట్టాను. ఇంగ్లీషు దొరల వరస ఇంట్లో తెలుగు అమ్మవారు అనే విషయం మీద మా పాత కట్టడాల అభిమానుల సంఘంలో వ్యాసం చదివాను. అధ్యక్షులు మృత్యుంజయ గారు లేచి నిలబడ్డారు. మిమ్మల్ని అందులో పలకమ్మ వంశపారంపర్య పూజారి అని రాశాను.

ఎస్టేటు ఆఫీసుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. గోడను ముట్టుకునే ముందు ఆచారాన్ని గౌరవించాలని గట్టిగా అడిగాను. బీట సంగతి రాయలేదు, చిన్న విషయం కలిపితే పెద్ద విషయం పలచబడుతుంది. ఇంజనీరును పంపుతామని జవాబు వచ్చింది.

భవదీయుడు,
పట్టాభి

తా.క. మా బీట స్విచ్చుబోర్డు దాకా వచ్చింది. అరుంధతి దాని మీద బాంకు కేలండరు తగిలించింది. ఇప్పుడు హాలు చక్కగా ఉంది.


హార్‌గ్రీవ్ లైను
30 జనవరి 1984

పట్టాభి బాబుగారికి, కోదండం రాయునది.

పలకమ్మ అని ఎవరూ లేరు. మా నాన్న డాక్ కూలీ, మా తాత ఉప్పు పండించేవాడు, మా వంశంలో పూజారి లేడు. అయినా ఇంజనీరు వస్తాడన్నారు, ఆ ఒక్క మాటకు మీకు వెయ్యి దండాలు.

మీ ఉత్తరం మల్లేశుకు చదివి వినిపించడం నా తప్పు. సాయంత్రానికి లైనంతా పాకింది. అప్పలకొండమ్మ అరటిపళ్ళు తెచ్చింది. పక్క సందు బెంగాలీ ఆడవాళ్ళు శంఖం ఊదుకుంటూ వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి ఇది మేస్త్రీ పని అని మూడు భాషల్లో చెప్పాను. "పెద్దోడివి, అలాగనకు, కళ్ళు పోతాయి" అంది అప్పలకొండమ్మ. ఒకావిడ ప్రసాదం పెట్టమని చెయ్యి చాచి కదలదు. చేతిలో ఉన్నది తడి సున్నం. కొంచెం పెట్టాను. కళ్ళకద్దుకుని వెళ్ళింది.

నిజం చెప్పేస్తాను. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ రెండేళ్ళుగా గురవమ్మ మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నవాళ్ళు లేరు. ఇప్పుడు పదిమంది చుట్టూ చేరి అమ్మోరి సంగతి చెప్పమంటే, మాట సరిగా తిరగని మనిషి గంటసేపు చెప్పింది. నన్ను పూజారిగారూ అని పిలిచి నవ్వింది. ఆ పిలుపు నాకు చేదుగా లేదు.

మీ గోడ సంగతి. బీట నిలువుగా ఉందా, మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగుతోందా? ఏటవాలైతే పునాది కింద నేల దిగుతోందని అర్థం. మీ సాల్ట్ లేక్ అంతా మడుగు పూడ్చి వేసిన నేల. కేలండరు తీసి ఒక గాజు పలక పెట్టండి.

ఇట్లు,
కోదండం, పూజారి కాడు

తా.క. నాలుగోది కూడా విరిగింది. ఇంజనీరును తొందరపెట్టండి.


సాల్ట్ లేక్
8 ఫిబ్రవరి 1984

పూజ్యులు కోదండం గారికి,

శుభవార్త. ఫిబ్రవరి 15 బుధవారం ఉదయం మా సంఘం సభ్యులు పన్నెండుమంది మీ ఇంటికి వస్తున్నారు. ఇంజనీరు కూడా అదే రోజు వస్తాడు. బాంకుకు సెలవు పెట్టాను. మృత్యుంజయ గారు మీకు శాలువా కప్పుతారు.

నాలుగు పలకలు విరిగాయని రాశారు. ఎంత బాధపడి ఉంటారో ఊహించగలను. భగ్నమైన రూపాన్ని ఇంట్లో ఉంచుకుని పూజ చెయ్యకూడదని అరుంధతి అంది. అందుకని న్యూ మార్కెట్టులో బెల్జియం అద్దం ఐదు ముక్కలు కోయించాం, అంచులు సానపట్టించాం. ఆ రోజు మేమే అతికిస్తాం. మీరు దేనికీ ఇబ్బంది పడవద్దు.

భవదీయుడు,
పట్టాభి

తా.క. బీట ఏటవాలుగానే ఉంది. కేలండరు దాటి కనపడుతోంది. పెద్ద కేలండరు కొన్నాం.


హార్‌గ్రీవ్ లైను
12 ఫిబ్రవరి 1984

పట్టాభి బాబుగారికి,

అద్దాలు తేవద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను, అద్దాలు తేవద్దు. ఆ విరిగిన నాలుగు ముక్కలే నా కాగితం, నా వకీలు, నా సాక్ష్యం. అవి విరిగి ఉంటేనే గురవమ్మకు వేరే ఇల్లు వస్తుంది. వాటి మీద చెయ్యి వెయ్యవద్దు. శాలువా తెచ్చుకోండి, కప్పుకుంటాను. పూజారి అనండి, పలుకుతాను.

బుధవారం తెల్లవారకుండానే నేను ఎస్టేటు ఆఫీసుకు వెళ్ళి కూర్చుంటాను. ఇంజనీరును నా పక్కన పెట్టుకుని తీసుకురాకపోతే ఆయన టీకొట్టు దగ్గరే ఆగిపోతాడు.

కోదండం

తా.క. ఈ ఉత్తరం అందినట్టు ఒక కార్డు ముక్క రాయండి.


సాల్ట్ లేక్
16 ఫిబ్రవరి 1984

పూజ్యులు కోదండం గారికి,

మీ 12వ తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. మేం వచ్చి వెళ్ళిన మర్నాడు. అయినా పరవాలేదు, అన్నీ సవ్యంగా జరిగాయి కదా.

మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి మేం పని ముగించాం. గురవమ్మగారి మొహం చూశారా? కొత్త పలకల్లో తన మొహం కనపడుతోందని మురిసిపోయారు. పాత ముక్కలను అరుంధతి పసుపు గుడ్డలో కట్టి శాస్త్రోక్తంగా గంగలో కలిపింది. సున్నం మరకలు, ఆ మేకు గీతలు కూడా మా సభ్యులు గోకి శుభ్రం చేశారు.

మీరు ఇంజనీరుకు విరిగిన ముక్కలున్నాయని చెబుతుంటే, చూపించమని ఆయన అడగడం నాకు మొరటుగా అనిపించింది. భక్తులతో అలా మాట్లాడతారా? చివరకు "ఐదూ బాగానే ఉన్నాయి, గోడ గట్టిగా ఉంది, మీకు అమ్మవారి అండ ఉండగా భయమెందుకు దాదా" అన్నాడు కనుక క్షమించాను. ఆ దుంగలు కూడా తీయించేస్తానన్నాడు. మంచిదే, ఫోటోకు అడ్డం వస్తున్నాయి.

శాలువా కప్పేటప్పుడు మీ కళ్ళలో నీళ్ళు చూశాం. మృత్యుంజయ గారికి కూడా వచ్చాయి.

భవదీయుడు,
పట్టాభి

తా.క. మా హాలు తలుపు సరిగా పడటంలేదు. చెక్క ఉబ్బిందట.


సాల్ట్ లేక్
27 ఫిబ్రవరి 1984

పూజ్యులు కోదండం గారికి,

జవాబు లేదు. పూజల రద్దీలో ఉండి ఉంటారు. వ్యాసం అచ్చుకు వెళుతోంది. కొత్త పలకల మహిమ ఏదైనా కనపడితే రెండు ముక్కలు రాయండి, చివర్లో కలుపుతాను.

భవదీయుడు,
పట్టాభి

తా.క. బీటలో ఇప్పుడు అర్ధరూపాయి బిళ్ళ దూరుతోంది. పనిమనిషి కనిపెట్టింది.


వాట్‌గంజ్
13 మార్చి 1984

పట్టాభి బాబుగారికి, కోదండం రాయునది.

మహిమ రాయమన్నారు, రాస్తున్నాను.

మీరు వెళ్ళిన ఐదో రోజున దుంగలు తీసేశారు. ఆరో రోజున పదో నంబరు కప్పు విప్పడం మొదలుపెట్టారు. నేను సుత్తి తీసుకుని మీ అద్దాల దగ్గరికి వెళ్ళాను. రెండు విరగ్గొట్టి, గోడ కదిలిందని ఆఫీసులో చెబుదామనుకున్నాను. గురవమ్మ కుడి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. "కొత్త అమ్మోరు మావా. ఇన్నాళ్ళకి ఇల్లు కూలదని నిద్దర పడతంది. ఇరగ్గొట్టకు" అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నేనెన్నడూ నా చేత్తో సాక్షిని విరగ్గొట్టలేదు. దొంగసాక్ష్యం పెట్టే మేస్త్రీని కాను అని గర్వం కూడా ఉంది నాకు. రెండూ కలిసి సుత్తి కింద పెట్టించాయి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఫిబ్రవరి 23 గురువారం ఉదయం ఐదిట్లో నాలుగు పలకలు వాటంతటవే విరిగాయి. గురవమ్మ తల దగ్గరది ఒక్కటే నిలిచింది. ఆమెను ఎత్తి వీధిలో పెడదామంటే నేనొక్కణ్ణి చాలను, మల్లేశు డ్యూటీకి పోయాడు. ఒక ముక్క రుమాల్లో చుట్టుకుని ఆఫీసుకు పరిగెత్తాను. సంతకం పెట్టేవాడు టిఫినుకు వెళ్ళాడు, కూర్చో దాదా అన్నారు. కూర్చున్నాను. అక్కడ కూర్చోకుండా వీధిలో పోయే ఇద్దర్ని కేకేసి మంచం మోయించి ఉండాల్సింది. కాగితం ఉంటే గోడ ఆగుతుందనుకున్నాను. మీకు అద్దాల మీద ఎంత నమ్మకమో నాకు కాగితం మీద అంత.

తిరిగి వచ్చేసరికి గోడ పదో నంబరులోకి పడిపోయి ఉంది. దూలాలు, పై గదులు మా ముందు గదిలోకి వచ్చాయి. గురవమ్మను మధ్యాహ్నం మూడింటికి తీశారు. బెంగాలీ పేపర్లో నాలుగు లైన్లు పడింది, మీరు చదివి ఉండరు.

పొగగొట్టం మాత్రం చెక్కుచెదరలేదు. కింద గూట్లో ఉల్లిపాయలు అలాగే ఉన్నాయి. దొరలు మంట కోసం కట్టింది గట్టిగానే కట్టారు, మనుషుల కోసం కట్టిందే పలచన. మీ వ్యాసంలో పనికొస్తుందేమో చూడండి.

ఇప్పుడు లైను మొత్తం ప్రమాదమని కాగితం వచ్చింది. అందరికీ వేరే ఇళ్ళిచ్చారు. నాకూ ఇచ్చారు, రెండు గదులు. ఆమె ఒక్క గదే అడిగింది.

పదకొండో రోజు అయ్యాక ఒక ఇటిక సంచిలో వేసుకున్నాను. మీ కిటికీ పగలగొట్టి, నోటికొచ్చినట్టు తిట్టి రావాలని నిన్న సోమవారం మీ ఇంటికి వచ్చాను. మీరు బాంకులో ఉన్నారు. అరుంధతమ్మగారు తలుపు తీశారు, తియ్యలేక తీశారు, కింద నేలకు రాసుకుంటోంది. నన్ను చూసి సంతోషపడి, గురవమ్మగారు ఎలా ఉన్నారని అడిగి కాఫీ కలపడానికి వెళ్ళారు. నేను మీ పెద్ద కేలండరు ఎత్తి చూశాను.

బాబూ, నాకు మిమ్మల్ని చూస్తే ఒళ్ళు మండుతోంది. చచ్చేదాకా మండుతుంది. కానీ గోడ ముందు నిలబడ్డాక చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. సంచిలో ఇటికతో పాటు గురవమ్మ తల దగ్గర దొరికిన పలక ఉంది, విరగనిది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోసుకు తిరుగుతున్నాను. సంచిలో ఎప్పుడూ ఉండే సున్నంతో దాన్ని మీ బీటకు అడ్డంగా బిగించి, పక్కన మేకుతో తేదీ గీసి, కేలండరు మళ్ళీ వేశాను. కాఫీ తాగాను. గురవమ్మ బాగానే ఉందని ఆవిడకు చెప్పాను.

దానికి పసుపు రాయకండి, పేరు పెట్టకండి. విరిగితే నాకు ఉత్తరం రాయకండి. అరుంధతమ్మగారి చెయ్యి పట్టుకుని బయటికి నడవండి. ఆవిడ నడవగలరు.

కోదండం

తా.క. నిన్న నేను మీ గేటు దాటుతుండగానే లోపల చిన్న చప్పుడైంది. నాకు చెవుడు, నా భ్రమే కావచ్చు. వెనక్కి వెళ్ళి మూడుసార్లు గంట నొక్కాను, లోడ్‌షెడ్డింగు, మోగలేదు. తలుపు బాదాను. ఆవిడ పెరట్లో ఉన్నారేమో, పలకలేదు. ఈ ఉత్తరం మీకు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. ఇది మొదట్లో రాస్తే మిగతాది చదవరని ఆఖర్న రాశాను. ఇప్పుడు కాగితం కింద పెట్టి, ముందు వెళ్ళి కేలండరు ఎత్తి చూడండి.